సజ్జ మీది టీవీ ఎటు పోయింది?

దసరా వస్తోందంటే మన ఇళ్ళల్లో మొదలయ్యే పని ఏమిటో మీకు నేను చెప్పనక్కరలేదు. బూజులు దులపడం, సున్నాలు, డబ్బాలన్నీ ఎండకు పెట్టడం, అన్నీ అయ్యాక ఆఖరున సజ్జ. మా కరీంనగర్ ఇంటి సజ్జ మీద ఏమేం ఉన్నాయో ఇల్లు కట్టిన మేస్త్రీకి కూడా తెలియదు. పోయిన దసరాకు ముక్కుకు చెంగు కట్టుకుని స్టూలెక్కి దింపితే ఏమేం బయటపడ్డాయో వినండి. 2001లో నా పెళ్ళికి మా నాయన సారెతోపాటు పెట్టిన 21 అంగుళాల కలర్ టీవీ, మోటారు కాలిన మిక్సీ, ఒక టేపు రికార్డరు, ఎమర్జెన్సీ లైటు, బటన్ల సెల్‌ఫోన్లు రెండు, బ్యాటరీ పూరీలా ఉబ్బిన టచ్ ఫోను ఒకటి, ఇక ఏ ఫోనుదో ఎవరికీ తెలియని చార్జర్లు కవరు నిండా! మీ ఇంట్లో ఇంతకంటే తక్కువ ఉంటే మీరు నాకంటే బుద్ధిమంతులు.

ఆ టీవీ పక్కన నేను కొత్తకోడలిగా ఉన్నప్పుడు అతికించిన బొట్టుబిళ్ళలు అట్లాగే ఉన్నాయి. స్నానానికి పోయేముందు తీసి అద్దానికి అంటించడం అందరి అలవాటు, నాది టీవీకి అంటించడం. మా అత్తమ్మ ఉన్నన్నాళ్ళూ దానిమీద గొణుగుతూనే ఉండేది.

సరిగ్గా అప్పుడే వీధిలో "పాత ఇనుప సామాన్... ప్లాస్టిక్... పేపర్..." అని మైకు బండి వచ్చింది. ఆ అబ్బాయి అన్నీ కలిపి 200 ఇస్తానన్నాడు. నేను 300 అన్నాను. కొసరి కొసరి 250కి ఒప్పించాను. ఫోన్లు మాత్రం అందులో ఫొటోలున్నాయని మా అమ్మాయి ఇవ్వనివ్వలేదు. బేరం గెలిచానన్న సంతోషంతో ఆ రాత్రి మా ఆయనకు రెండుసార్లు చెప్పుకున్నాను.

ఈసారి మీకు చెప్పబోయేది రెండు చోట్ల చూసిన రెండు మంటల ముచ్చట. ఒకటి మా ఇంటికి నాలుగు సందుల అవతల. రెండోది మా చెల్లెలి ఊరు దాటి, ఆదిలాబాద్ అడవుల్లో ఉషేగాం అనే పల్లెలో.

పండుగ అయిన వారానికి గోధుమలు పట్టించుకుందామని గిర్నీకి పోయాను. కరెంటు పోయి ఆలస్యమైతే, పిండి డబ్బా అక్కడే పెట్టి వెనక సందులో నీడకు నిలబడ్డాను. అక్కడ ఒక పాత సామాన్ల దుకాణం ఉంది. ప్రహరీ కూలిన చోట నుంచి లోపల కనబడుతోంది. పన్నెండు పదమూడేళ్ళ పోరడు ఒకడు టీవీని బోర్లా పడేసి, వెనక ఉండే గాజు మెడను రాయితో కొడుతున్నాడు. టీవీ పక్కన ఎర్రటి బొట్టుబిళ్ళలు. నాదే!

"అక్కా, జర దూరం ఉండు, అద్దం ఎగురుతది" అన్నాడు వాడు.

"దాన్ని పగలగొడితే ఏమొస్తది బిడ్డా?" అన్నాను.

"మెడ చుట్టూ రాగి తీగ ఉంటదక్కా. గదొక్కటే పైసలు."

ఆ తీగల చుట్టను తీసుకుని టీవీ గాజును గోడవారకు నెట్టేశాడు. కొంచెం అవతల ఇంకో అబ్బాయి వైర్ల కట్టను నిప్పు మీద వేశాడు. మన వంటింట్లో ప్లాస్టిక్ గరిటె పొయ్యికి తగిలితే ఎట్లాంటి వాసన వస్తుందో తెలుసు కదా, దానికి పదింతలు. నల్లటి పొగ నేలకు అంటుకునే పాకుతోంది. ఒకామె చంకలో పిల్లను ఎత్తుకుని, కాలిన వైర్లలోంచి రాగిని ఏరి సంచిలో వేస్తోంది. పిల్ల దగ్గుతోంది. చల్లారిన బూడిదలో నాలుగు కోళ్ళు కాళ్ళతో గీరి గీరి ఏరుకు తింటున్నాయి.

గిర్నీకి కరెంటు వచ్చింది, నేను పిండి పట్టించుకుని ఇంటికి వచ్చేశాను. కానీ ఆ రోజు రొట్టె నాకు సహించలేదు. పండుగ పూట నేను బేరమాడి తెచ్చుకున్న 250 రూపాయలు ఆ పొగలోంచి వచ్చినవే కదా అనిపించింది.

మా అమ్మాయి డిగ్రీ చదువుతోంది. దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని, ఆ పొగేమిటి, ఆ గాజేమిటి అని రెండు రాత్రులు చదివించుకున్నాను. వెనకటి లావుపాటి టీవీల గాజులో ఒకటి రెండు కిలోల దాకా సీసం ఉంటుందట. చూసేవాళ్ళకు లోపలి కిరణాలు తగలకుండా కంపెనీలవాళ్ళు కావాలనే కలిపేవారు. టీవీ మూలన ఉన్నన్నాళ్ళూ దానివల్ల ఏ హానీ లేదు, పగిలి మట్టిలో కలిస్తేనే బాధ. సీసం పెద్దవాళ్ళకంటే పిల్లల ఒంటికి త్వరగా పడుతుంది, మెదడు ఎదిగే వయసులో చదువును, తెలివిని దెబ్బ తీస్తుంది. గర్భిణి ఒంట్లో ఉంటే కడుపులో బిడ్డకూ చేరుతుంది. ఇక వైరు పైతొడుగు కాలితే డయాక్సిన్లు అనే విషాలు పుడతాయి. అవి కొవ్వులో దాక్కుంటాయి, పాలలోకి, గుడ్లలోకి వస్తాయి.

గుడ్లు అనగానే నాకు ఆ కోళ్ళు గుర్తొచ్చాయి. ఆఫ్రికాలో ఘనా అనే దేశం ఉంది. దాని రాజధాని అక్రాలో అగ్బోగ్‌బ్లోషీ అనే చోట చాలా ఏళ్ళపాటు పాత కంప్యూటర్లు, ఫ్రిజ్‌లు, టీవీలు విప్పి వైర్లు కాల్చేవారు. యూరప్ నుంచి సెకండ్‌హ్యాండ్ సామాను పేరుతో ఓడల్లో వచ్చిన సరుకు కూడా అందులో ఉండేది. ఫ్రిజ్ గోడల్లో చల్లదనం కోసం పెట్టే స్పాంజి ఉంటుంది చూడండి, దాన్నే వంటచెరకులాగా వేసి మంట పెట్టేవారు. అక్కడ తిరిగే నాటుకోళ్ళ గుడ్లను పరీక్షించి 2019లో ఒక నివేదిక ఇచ్చారు. ఆ గుడ్డు ఒక్కటి తింటే చాలు, యూరప్ వాళ్ళు రోజుకు ఇంతకు మించకూడదని పెట్టిన డయాక్సిన్ హద్దుకు 220 రెట్లు ఒంట్లోకి పోతుందట! పిల్లలకు బలమని మనం ఉడకబెట్టి పెట్టే గుడ్డండీ అది. 2021 జులైలో ఆ పాత సామాన్ల పేటను ప్రభుత్వం కూల్చేసింది. పేట కూలింది కానీ ఆ పనితో బతికేవాళ్ళు చుట్టుపక్కలకు చెదిరి అదే పని చేసుకోక ఏం చేస్తారు?

చైనాలో గుయియు అనే ఊరూ ఇట్లాంటిదే, ఇంటింటా కంప్యూటర్లు విప్పేవారు. 2015 నాటికి ఆ పనులన్నిటినీ ఒక పారిశ్రామికవాడలోకి మార్చారు. మన ఢిల్లీలో సీలంపూర్ ఉంది. ప్రపంచం మొత్తం మీద 2022లో పోగైన ఇట్లాంటి చెత్త 6 కోట్ల 20 లక్షల టన్నులని ఐక్యరాజ్యసమితి లెక్క. అందులో పద్ధతి ప్రకారం సేకరించి తిరిగి వాడుకున్నది నూటికి 22 వంతులు మాత్రమే. ఇంకో లెక్క మనబోటి ఆడవాళ్ళది. చెత్త ఏరుకుని బతికే పనుల్లో కోటీ 29 లక్షల మంది దాకా ఆడవాళ్ళు ఉన్నారని 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. చంకలో పిల్లతో ఉన్న ఆమె కూడా ఆ లెక్కలో ఉన్నట్టే.

ఇక రెండో మంట దగ్గరికి పోదాం.

మా చెల్లెలిది ఉట్నూరు. మరిది అక్కడ టీచరు. సంక్రాంతి అయ్యాక పుష్య అమావాస్యకు కేస్లాపూర్ నాగోబా జాతర ఉంటుంది కదా, ఎన్నేళ్ళుగానో రమ్మంటోంది. ఈసారి బయలుదేరాను. సంచిలో సకినాలు, అరిసెలు, వాటి అడుగున సజ్జ మీదే దొరికిన పగిలిన ఇత్తడి గంగాళం ముక్కలు, సొట్టలు పోయిన చెంబులు రెండు. "వాటిని పాత సామాన్లోనికి వేయకక్కా, మా దిక్కు ఓజాలు కొంటరు" అని చెల్లెలు ఫోన్లో చెప్పింది.

కరీంనగర్ నుంచి జగిత్యాల, ధర్మపురి. ధర్మపురి నరసింహస్వామిని బస్సులోంచే మొక్కుకున్నాను. రాయపట్నం దగ్గర వంతెన మీద గోదావరి దాటితే పాత ఆదిలాబాద్ జిల్లా. ఇప్పుడది నాలుగు జిల్లాలైంది, నా నోటికి మాత్రం ఇంకా ఆదిలాబాదే వస్తుంది. గూడెం గుట్ట సత్యనారాయణస్వామి కనబడ్డాక జన్నారం, ఆపైన కవ్వాల్ అడవి. జనవరి చలికి టేకాకులు రాలి దారంతా గోధుమరంగు. ఈ జన్నారం పక్కన కలమడుగు దగ్గరి గోదావరి నీళ్ళనే మెస్రం వంశంవాళ్ళు కాలినడకన కేస్లాపూర్ తీసుకుపోయి నాగోబాను అభిషేకిస్తారు. జాతర సంగతి రాస్తే అదొక పెద్ద వ్యాసమవుతుంది, ఇంకోసారి చెప్తాను.

జాతర మర్నాడు మరిది స్కూటర్ మీద నన్ను, వాళ్ళ పాపను ఎక్కించుకుని జైనూర్ దారి పట్టాడు. గుస్సాడీ నాట్యానికి 2021లో పద్మశ్రీ అందుకున్న కీర్తిశేషులు కనకరాజు గారి మార్లవాయి కూడా జైనూర్ మండలంలోనిదే. ఉషేగాం చేరేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. చిన్న పల్లె. ఇక్కడి ఓజాలు తరతరాలుగా గోండులకు దేవుళ్ళను, గంటలను, గజ్జెలను పోసిచ్చేవాళ్ళు. ఆదిలాబాద్ డోక్రాకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మన కరీంనగర్ వెండి తీగపనికి అది 2007లోనే వచ్చిందని నేను కొంచెం గొప్పగా చెప్పబోతే మరిది నవ్వాడు.

ఒకింటి వాకిట్లో ఒక పెద్దాయన, ఆయన భార్య, కోడలు పనిలో ఉన్నారు. నన్ను "రా బాయీ, కూసో" అని గోనెసంచి పరిచారు. పని చూస్తుంటే నాకు వంటింట్లో ఉన్నట్టే అనిపించింది. ముందు మెత్తటి మట్టితో బొమ్మ గుండెకాయ అంతటిది చేసి ఆరబెడతారు. తేనెమైనం, గుగ్గిలం కలిపి కరిగించి సన్నటి దారాలు తీస్తారు. ఆ దారాలను కోడలు మట్టిబొమ్మ చుట్టూ వరసగా చుడుతోంది. అచ్చం మనం గుడ్డ మీద సకినాలు చుట్టినట్టే! వేలు ఆగకూడదు, దారం తెగకూడదు. మైనం మీద మళ్ళీ మెత్తటి మట్టి, దాని మీద గరుకు మట్టి పూసి ఒక చిల్లి వదులుతారు. కాలిస్తే మైనం కరిగి పోతుంది. ఆ ఖాళీలోకి కరిగిన ఇత్తడి పోస్తారు. మొహెంజొదారోలో దొరికిన నాట్యగత్తె కంచుబొమ్మ కూడా ఈ పద్ధతిలో పోసినదే. చల్లారాక పైమట్టి పగలగొడితే గానీ బొమ్మ బయటికి రాదు. అందుకని ఒక అచ్చుకు ఒక్కటే బొమ్మ.

నా గంగాళం ముక్కలను పెద్దాయన చేతిలోకి తీసుకుని, రాయి మీద కొట్టి చప్పుడు విన్నాడు. గోటితో గీకి చూశాడు. "మంచి ఇత్తడి, పాతది" అన్నాడు. తూకం వేసి డబ్బులివ్వబోతే వద్దని, ఒక చిన్న గంట చేసిమ్మన్నాను. కొలిమి రాజేశాక ఆ ఇత్తడి కరగడానికి చాలాసేపు పట్టింది. తొమ్మిది వందల డిగ్రీల పైమాటేనని మరిది చెప్పాడు. పొగ ఇక్కడా ఉందండోయ్. నేనేదో అడవిలో అంతా స్వచ్ఛమని చెప్పడం లేదు. కోడలి కళ్ళు ఎర్రగా ఉన్నాయి, కరిగిన ఇత్తడి మీద లేచే తెల్లటి ఆవిరి ఊపిరికి మంచిది కాదు. పెద్దాయన మనవణ్ణి మాత్రం "దూరం పో" అని అదిలిస్తూనే ఉన్నాడు.

నేనుండబట్టలేక అడిగాను. "మా ఊళ్ళో పాత టీవీల్లో, ఫోన్లలో బోలెడు రాగి ఉంటుంది. మీరు తీసుకుంటారా?"

ఆయన తల అడ్డంగా ఊపాడు. "తెల్సిన ఇత్తడే వేస్తం బాయీ. అండ్ల ఏం కల్సిందో తెల్వకుంటే బొమ్మ పగుల్తది."

ఇంటికి వచ్చేదాకా ఆ మాటే నా చెవుల్లో ఉంది. మా అమ్మమ్మ కాలంలో పాత సామానంటే ఇత్తడి, రాగి, ఇనుము. ఏదేమిటో చప్పుడును బట్టి తెలిసిపోయేది. పగిలిన గంగాళం మళ్ళీ గంగాళమో గంటో అయ్యేది. ఇప్పుడు మన సజ్జ మీద ఉన్న సామానులో ఏమున్నాయో అమ్మినవాడికీ తెలియదు, కొన్న మనకూ తెలియదు, రాయితో పగలగొట్టే పిల్లవాడికి అసలే తెలియదు. ఎలక్ట్రానిక్ సామాన్లలో 69 రకాల దాకా మూలకాలు ఉండవచ్చట. బంగారం, వెండి, రాగి, వాటి పక్కనే సీసం, పాదరసం, కాడ్మియం.

బంగారం అంటే ఉత్తమాట కాదు. టోక్యో ఒలింపిక్స్ పతకాల కోసం జపాన్ వాళ్ళు 2017 నుంచి 2019 దాకా రెండేళ్ళు జనం దగ్గర పాత ఫోన్లు, చిన్న సామాన్లు అడిగి తీసుకున్నారు. ఫోన్లే 62 లక్షల పైన వచ్చాయి. వాటినుంచి 32 కిలోల బంగారం, 3500 కిలోల వెండి తీసి, దాదాపు 5000 పతకాలు పోశారు. మన పీవీ సింధు 2021లో అక్కడ గెలిచిన కంచు పతకం కూడా ఎవరో జపాన్ ఇల్లాలి సజ్జ మీది ఫోనేనేమో! అక్కడ ఆ పని చేసింది సరైన కొలిమి, పొగను పట్టే యంత్రం ఉన్న ఫ్యాక్టరీలు. యాసిడ్ తొట్టిలో చెయ్యి పెట్టిన పిల్లలు కాదు.

మన దగ్గరా చట్టం లేకపోలేదు. ఈ-చెత్త నియమాలు 2012 మేలో అమలులోకి వచ్చాయి, వాటిని మార్చి తెచ్చినవి 2023 ఏప్రిల్ 1 నుంచి నడుస్తున్నాయి. సామాను తయారుచేసిన కంపెనీయే దాని చివరి బాధ్యత కూడా మోయాలి, నమోదైన రీసైక్లర్ల చేతే విప్పించాలి. ఆ నమోదైనవాళ్ళ పేర్లు కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వెబ్‌సైటులో ఉంటాయి. కొత్త ఫ్రిజ్, టీవీ కొనేటప్పుడు పాతది తీసుకుని ఎవరికిస్తారని దుకాణంలో గట్టిగా అడగండి. నేను అడిగితే ఆ కుర్రాడు తెల్లమొహం వేసి, "మేడమ్, మీకెందుకు?" అన్నాడు. అయినా అడగాలి. పదిమంది అడిగితే కుర్రాడు వాళ్ళ ఓనరును అడుగుతాడు.

ఇంట్లో మన చేతుల్లో ఉన్న పనులు కొన్ని చెప్తాను. ఉబ్బిన ఫోను బ్యాటరీని పొడవకండి, ఎండలో పెట్టకండి, చార్జింగు అసలే పెట్టకండి. విడి బ్యాటరీల కొనలకు టేపు అంటించి వేరే డబ్బాలో వేయండి. ట్యూబులైటు, సీఎఫ్ఎల్ బల్బు పగిలితే అందులో పాదరసం ఉంటుంది. చీపురుతో ఊడవకండి. పిల్లలను బయటికి పంపి, ఫ్యాను ఆపి, కిటికీలు తెరిచి కాసేపాగి, గట్టి అట్టముక్కతో ఎత్తి, తడి కాగితంతో తుడిచి, మూత సీసాలో పెట్టండి. పాత ఫ్రిజ్ గొట్టాన్ని ఎవరినీ మీ వాకిట్లో కోయనివ్వకండి.

తిరిగివచ్చాక గిర్నీకి పోయినప్పుడు ఈసారి ధైర్యం చేసి, వైర్లు ఏరే ఆమెతో మాట్లాడాను. "కాల్చకుంటే కాదా చెల్లే? పిల్ల దగ్గుతోంది కదా" అన్నాను.

"బ్లేడుతోని గీకితే రాగి ఎర్రగ మెరుస్తది, రేటు గుడ ఎక్కువనే అక్కా. కాల్చింది నల్లబడ్తది, తక్కువిస్తరు. కని పొద్దంతా గీకితే కిలో కాదు. పొయ్యి మీదికి ఎట్ల?" అంది.

నాకు జవాబు తోచలేదు. పిల్లనైనా ఆ పొగలోకి తేవద్దని, దగ్గరలోనే అంగన్‌వాడీ ఉందని చెప్పి, మర్నాడు తోడుగా పోయి పేరు రాయించాను. టీచరు సందేహించింది గానీ రాసుకుంది. పెద్ద అబ్బాయి సంగతి మాత్రం ఇంకా తేలలేదు. బడి అంటే వాళ్ళ నాన్న మాట దాటేస్తున్నాడు. అడుగుతూనే ఉన్నాను.

మా సజ్జ మీద ఇప్పుడొక బిస్కట్ల డబ్బా ఉంది. ఫొటోలు తీసేసిన ఫోన్లు, చార్జర్లు, రిమోట్లు అందులో ఉన్నాయి. మా తమ్ముడు హైదరాబాద్ పోయేటప్పుడు నమోదైన చోట ఇచ్చి రమ్మని చెప్పాను. మొన్న మైకు బండి అబ్బాయి మళ్ళీ వచ్చాడు. పేపర్లు, ఇనుప మంచం కోళ్ళు వేశాను.

"అక్కా, ఆ డబ్బల ఏమున్నై?" అన్నాడు పైకి చూస్తూ.

"ఏం లేవు తమ్ముడూ" అన్నాను.

"ఫోన్లే కదా. వంద ఇస్త" అన్నాడు. నేను తల ఊపలేదు. "నూటయాభై" అన్నాడు.